ఊరందరికీ చెప్పాడు గానీ...

గుంతకల్లుకు బదిలీ అయిన కొత్తలో ఆదివారాలు ఎలా గడపాలో తెలిసేది కాదు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని రూముకొచ్చి ఫ్యాను కింద పడుకోవడం, మధ్యాహ్నం లేచి ఇంటికి ఫోన్ చేయడం. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర ఉద్దానం. రాష్ట్రానికి ఆ కొస. ఇక్కడి ఎండ, నీళ్ళ రుచి ఏదీ వంటబట్టలేదు. నా అవస్థ చూసి మా ఆఫీసు అటెండరు ఒకరోజు అన్నాడు: "ఊరికే పండుకుంటే ఏముంది సార్, ఎర్రగుడికి పోయి రాండి. అశోకుడు రాపిచ్చిన రాళ్ళున్నాయి."

అతని బండే తీసుకుని వెళ్ళాను. గుత్తి దాటి పత్తికొండ రోడ్డు పట్టుకుంటే ఎంతో దూరం లేదు. తొలకరి పడిన రోజులు. దారి పొడుగునా చేలల్లో జనం వంగి నేల వెతుకుతున్నారు. వజ్రాల కోసమట. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వాన మట్టిని కడిగాక రాళ్ళు పైకి తేలతాయని, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద సంసారాలు పెట్టేస్తారు. ఒకరిద్దరికి నిజంగానే దొరుకుతుంది, మిగతావాళ్ళకి నడుంనొప్పి. ఆ జొన్నగిరే మౌర్యుల కాలపు సువర్ణగిరి అనేవాళ్ళున్నారు. అశోకుడి తరఫున ఒక రాజకుమారుడు కూర్చుని దక్షిణాదిని ఏలిన చోటు అన్నమాట.

శాసనాల గుట్ట దగ్గర మాత్రం పురుగు లేదు. నేలకి వంగిన వాళ్ళలో ఒక్కడూ తల ఎత్తి ఈ బండల వైపు చూడడు. తప్పు పట్టడం లేదు, ఈ రాళ్ళు అమ్ముడుపోవు కదా. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా ఇక్కడ ఏముందో చదువుకున్న ప్రపంచానికి తెలియనే తెలియదు. అప్పటిదాకా మేకలకి తెలుసు.

ఇక్కడ పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్నదాంట్లో ఒక విచిత్రం. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కారు, చాలు చివర ఎద్దుల్ని మళ్ళేసినట్టు. అలా ఎందుకు చెక్కారో గానీ, చదవబోయేవాడికి మాత్రం మెడ పట్టేస్తుంది. అందులోనే ఒక ఆజ్ఞ కూడా ఉంది: రజ్జుకుడికి (అప్పటి జిల్లా స్థాయి అధికారి) చెప్పండి, అతను డప్పు కొట్టించి జనపదానికి చాటిస్తాడు, తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల్ని గౌరవించాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం చెప్పాలి అని. మా ఊళ్ళో నా చిన్నప్పుడు కూడా పంచాయతీ నీటిపన్ను గడువుకి డప్పుతోనే చాటింపు వేసేవారు. రెండు వేల రెండు వందల ఏళ్ళలో చాటే పద్ధతి మారలేదు, సరుకు మారింది.

నేను వెతికింది పదమూడోదాన్ని. బండ మీద పెచ్చులు పోయినంత మేర పోయి, మిగిలినంత మేర మిగిలి ఉంది. నాకు బ్రాహ్మీ రాదు. ఫోన్‌లో పాఠం తెరిచి, 'క' అంటే కూడిక గుర్తు కదా అని ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోయాను. కలింగ అన్న మాట దగ్గర వేలు ఆగింది. అది మా పేరు.

పదమూడో శాసనం ఏం చెబుతుందో క్లుప్తంగా. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, దేవానాంపియ పియదసి రాజు, అంటే అశోకుడే, కళింగను జయించాడు. 1,50,000 మందిని అక్కణ్ణించి తరలించారు, లక్ష మందిని చంపారు, అంతకు ఎన్నో రెట్లు చచ్చిపోయారు. ఆ తర్వాత రాజును 'అనుసోచన', అంటే పశ్చాత్తాపం, పట్టుకుంది. జయించని దేశాన్ని జయించేటప్పుడు జరిగే చావులు, చంపడాలు, జనాన్ని తరలించడాలు తనకు బరువుగా ఉన్నాయంటాడు. అంతకంటే బరువైనది ఇంకొకటి ఉందంటాడు. ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళలో బ్రాహ్మణులు, శ్రమణులు, అమ్మానాన్నల మాట వినే మామూలు గృహస్థులు ఉన్నారట. వాళ్ళకీ దెబ్బలు, చావులు, అయినవాళ్ళతో ఎడబాటు. తనకేమీ కాకుండా బయటపడ్డవాడు కూడా స్నేహితుడికో చుట్టానికో కష్టం వస్తే అది తన కష్టమే అనుకుంటాడు కదా అంటాడు. ఆనాడు కళింగలో పోయినవాళ్ళలో నూరో వంతు, వెయ్యో వంతు మంది ఇప్పుడు పోయినా తనకు బాధే అంటాడు.

ఎండలో నిలబడి అది చదువుతుంటే గొంతుకి ఏదో అడ్డం పడింది. గెలిచినవాడు తను గెలిచిన యుద్ధం గురించి ఇలా రాయించడం నేనెక్కడా చూడలేదు. మామూలుగా రాజుల శాసనాలంటే శత్రువుల కిరీటాలు పాదపీఠం కావడం, శత్రువుల భార్యల కాటుక కన్నీళ్ళలో కరగడం. ఈయన లెక్క చెప్పాడు. ఇది నా వల్లే జరిగిందన్నాడు.

వెంటనే మా నాన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట దేని గురించో చెప్పాలి.

మా నాన్నకీ పెదనాన్నకీ పంపకాలు అయినప్పుడు నలభై సెంట్ల కొబ్బరి తోట నాన్న వాటాకు రావాల్సింది. నాన్న అప్పటికి ఊళ్ళో లేడు, బతుకుతెరువుకి బయట ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పాస్‌పుస్తకం పెదనాన్న పేరున తయారైంది. గొడవ పడ్డారు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. నాన్న ఇక ఆ తోట వైపు వెళ్ళడం మానేశాడు. ఏళ్ళు గడిచాక పెదనాన్నకి భక్తి పట్టుకుంది. ఏటా మాల వేసుకోవడం, గుడిలో అన్నదానం, మాంసం మానేయడం. మనిషి మెత్తబడ్డాడు, అది కళ్ళారా చూశాను. అన్నదానం పంక్తిలో వడ్డిస్తూ వడ్డిస్తూ ఎవరితోనో అన్నాడట, "తమ్ముడికి అన్నేయం సేసినాను, ఆ పాపమే నన్ను తినేస్తంది" అని, కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ మాట ఊరంతా తిరిగి మా ఇంటికి వచ్చింది. చెప్పినవాళ్ళంతా నాన్న కరిగిపోతాడనుకున్నారు. నాన్న చుట్ట ఆర్పి, "ఊరందరికీ సెప్పాడు గానీ, నాకు సెప్పాడేటి?" అన్నాడు. అంతే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఆ నలభై సెంట్లలో ఒక్క చెట్టు నిలబెట్టలేదు. చెట్లకి పరిహారం వచ్చింది. పాస్‌పుస్తకం ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళ ఖాతాకే కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పదమూడో శాసనం కళింగలో లేదు.

ఎర్రగుడిలో ఉంది. గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గర ఉంది. ఉత్తరాఖండ్‌లో కాల్సీలో ఉంది. ఇప్పటి పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల్లో ఖరోష్ఠీ లిపిలో ఉంది. 1963లో అఫ్గానిస్తాన్‌లోని కందహార్‌లో దొరికిన రాతి పలక మీద గ్రీకు భాషలో ఉంది. కళింగలో ఎంతమంది చచ్చారో కందహార్‌లోని గ్రీకువాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పించిన రాజు, చచ్చినవాళ్ళ పిల్లలు బతుకుతున్న చోట చెప్పించలేదు. కళింగలో శాసనాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి భువనేశ్వర్ పక్కన ధౌలి, అప్పటి తోసలి. రెండోది గంజాం జిల్లాలో రుషికుల్య నది దగ్గర జౌగడ, అప్పటి సమాప. రెండు చోట్లా ఒకటి నుంచి పది దాకా ఉన్నాయి, పద్నాలుగోది ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. వాటి బదులు వేరే రెండు చెక్కించారు, పండితులు ప్రత్యేక శాసనాలు అంటారు.

ధౌలిలో బండ పైన రాతిలోంచి నడిచొస్తున్నట్టు ఏనుగు ముందు భాగం చెక్కి ఉంటుంది. ఎదురు కొండ మీద 1970ల్లో జపాన్ బౌద్ధుల సాయంతో కట్టిన తెల్లని శాంతి స్తూపం. బస్సుల్లో వచ్చినవాళ్ళకి గైడు చెప్పేది ఒకటే: ఇదిగో ఈ దయానది రక్తంతో ఎర్రబడింది, అశోకుడు చూసి ఏడ్చాడు, ఇక్కడే మారిపోయాడు. పక్కనే ఉన్న బండ మీద ఆ ఏడుపు గురించి ఒక్క అక్షరం లేదని చెప్పడు. బహుశా ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

స్కూల్లో నేనూ అలాగే రాశాను. "కళింగ యుద్ధము — అశోకుని జీవితములో మార్పు" అన్న ప్రశ్నకి నాలుగు మార్కులు. వంశధార నీళ్ళు తాగి, కళింగపట్నం సముద్రంలో కాళ్ళు తడుపుకున్న పిల్లలం, కాళింగులు పక్క వీధిలో ఉన్న ఊరివాళ్ళం, ముఖలింగం ఒకప్పుడు కళింగ రాజధాని అని గుళ్ళో విన్నవాళ్ళం. కళింగ ఎల్లలు రాజుని బట్టి ముందుకీ వెనక్కీ జరిగి ఉండొచ్చు గానీ మేం కళింగ కాదని ఎవరూ అనలేరు. అయినా జవాబు మొత్తం రాజు వైపు నుంచే రాశాం. ఆయన బాధపడెను, ఆయన మారెను. ఓడిన కళింగకి రాజెవరు అని మాస్టారు అడగలేదు, మేమూ అడగలేదు. అడిగినా శాసనంలో పేరు లేదు. తన అనుసోచన గురించి అంత వివరంగా రాయించినవాడు ఎదుటివాడి పేరు రాయించలేదు.

దీనికి సమర్థన లేకపోలేదు. నాతో వాదించిన మిత్రుడొకడు, చరిత్ర చదువుకున్నవాడు, ఇలా అన్నాడు: "పుండు మీద కారం చల్లడం ఎందుకని ఊరుకుని ఉంటాడు. నీ ఇంట్లో లక్ష మందిని చంపాను అని నీ గుమ్మం మీదే రాస్తే అది క్షమాపణలా ఉంటుందా, బెదిరింపులా ఉంటుందా?" మాట కొట్టిపారేసేది కాదు. చంపినవాడు వచ్చి లెక్క అప్పజెబితే మనసు చల్లబడుతుందో రగులుతుందో ఎవరు చెప్పగలరు?

రెండో సమర్థన స్వయంగా అశోకుడిదే. పద్నాలుగో శాసనంలో, అది ధౌలిలోనూ ఉంది, ఇలా అంటాడు: నా శాసనాలు కొన్ని చోట్ల క్లుప్తంగా, కొన్ని చోట్ల విపులంగా ఉంటాయి, అన్నీ అన్ని చోట్లా ఉండవు. కొన్ని అసంపూర్ణంగా ఉన్నాయంటే ఆ దేశాన్ని బట్టి, లేదా ఏదో కారణం ఆలోచించి, లేదా లిపికరుడి అపరాధం వల్ల. ఈ మూడో ముక్క చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వులో తప్పు దొర్లితే టైపిస్టు మీదకి నెట్టడం మన ఆఫీసుల్లో మొదలైంది కాదన్నమాట. కానీ కళింగ విషయంలో లిపికరుడి మీదకి నెట్టడం కుదరదు. రెండు ఊళ్ళలోనూ సరిగ్గా అవే మూడు వదిలేసి, అవే రెండు కలిపారు. అది చేతి తప్పు కాదు. దేశాన్ని బట్టీ, కారణం ఆలోచించీ చేసిందే.

ఏమిటా కారణం? బదులుగా పెట్టిన రెండు శాసనాలు చదివితే కొంత తెలుస్తుంది. నిజానికి నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చేవి అవే, చెప్పకపోతే అన్యాయం. తోసలిలోని మహామాత్రులకి, అంటే పెద్ద అధికారులకి, రాజు చెప్పిన మాటలు అవి. "సవే మునిసే పజా మమా". మనుషులందరూ నా పిల్లలే. (ఆ 'మునిసే' మన 'మనిషే'. రాయి మీద చూడగానే చుట్టం కనిపించినట్టు ఉంటుంది.) నా పిల్లలకి ఇహంలో పరంలో ఏ సుఖం కోరుతానో అందరికీ అదే కోరుతాను అంటాడు. ఆ తర్వాత ఆఫీసర్లకి గట్టిగా చీవాట్లు. కారణం లేకుండా ఎవరో ఒకణ్ణి బంధిస్తున్నారు, హింసిస్తున్నారు, దానివల్ల ఎందరో బాధపడుతున్నారు. మీరు మధ్యేమార్గంలో నడవాలి. ఏ గుణాలుంటే అలా నడవలేరో లిస్టు ఇస్తాడు: ఈర్ష్య, తొందరగా కోపగించుకోవడం, నిష్ఠురం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, ఆలస్యం, అలసట. ఆలస్యం అంటే అక్కడ సోమరితనం. మనం ఆఫీసుకి లేటుగా రావడానికి ఆ మాట వాడేసుకుని అసలు అర్థం దాచేశాం. తిష్య నక్షత్రం రోజున, అంటే పుష్యమి నాడు, దీన్ని చదివి వినిపించాలి, ఒక్కడే ఉన్నా వినిపించాలి అని ఆజ్ఞ. ఐదేళ్ళకోసారి మెత్తని మనిషిని ఒకణ్ణి తనిఖీకి పంపుతానని కూడా ఉంది.

గొప్ప పాలనే. కానీ ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆఫీసర్లతో. కళింగవాళ్ళు వినాల్సింది మీ నాన్నలాంటివాణ్ణి అని, నేనే మీ నాన్నని చంపించాను అని కాదు. రెండో ప్రత్యేక శాసనం ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. ఇంకా లోబడని సరిహద్దు జనాలు భయపడొద్దు, క్షమించదగినంత వరకు రాజు మిమ్మల్ని క్షమిస్తాడు అని వాళ్ళకి నచ్చజెప్పండి అంటాడు. క్షమించమని అడగాల్సిన గడ్డ మీద నిలబడి, క్షమిస్తాను అన్నాడు.

ఈ రెండు శాసనాలు తర్వాత కర్ణాటకలో సన్నతి దగ్గర కూడా దొరికాయి, కాబట్టి ఇవి కళింగ కోసమే పుట్టాయని బల్లగుద్ది చెప్పను. నా పేచీ వాటితో కాదు. లేనిదానితో.

కళింగ ప్రజలకి అనుసోచన చూపించకపోవడం రాజనీతి అనే నా అనుమానం. కొత్తగా కలుపుకున్న దేశం. తప్పు చేశాను అని రాయిస్తే, మరైతే మా దేశం మాకు ఇచ్చెయ్యి అంటారు. పదమూడో శాసనంలో రాజు బాధపడ్డాడు, ఇక యుద్ధం వద్దన్నాడు, కొడుకులూ మనవలూ కొత్త విజయాల కోసం ఆరాటపడొద్దు, తప్పకపోతే తేలిక దండనతో సరిపెట్టండి, ధర్మవిజయమే విజయం అన్నాడు. కళింగను వదిలేస్తాను అనలేదు. తరలించిన లక్షన్నర మందిని వెనక్కి పంపాను అని ఏ బండ మీదా లేదు. ఏడో స్తంభ శాసనం దాకా అన్నీ తిరగేసినా లేదు. ఇరవై ఆరేళ్ళలో ఇరవై ఐదు సార్లు ఖైదీల్ని విడిపించానని మాత్రం ఒకచోట ఉంది. నలభై సెంట్లు నలభై సెంట్లుగానే ఉండిపోయాయి.

అదే శాసనంలో అడవి మనుషులకి చెప్పింది కూడా ఎవరూ పాఠంలో పెట్టరు. అటవికులకి నచ్చజెబుతాడు, దయ చూపుతాడు, కానీ పశ్చాత్తాపంలో ఉన్నా రాజుకి బలం ఉందని గుర్తు చేస్తాడు, సిగ్గుపడి బుద్ధిగా ఉండండి, చావు తెచ్చుకోకండి అని. కత్తి గోడకి తగిలించాడు గానీ గుంట తీసి పాతిపెట్టలేదు. మరణశిక్ష కూడా తీసేయలేదు. శిక్ష పడ్డవాడికి మూడు రోజుల గడువు ఇప్పించాడు, చుట్టాలు వచ్చి అడుక్కోవడానికో, పరలోకం కోసం దానం చేసుకోవడానికో.

అయితే అశోకుడిది నాటకం అంటావా అని అడుగుతారు. అనను. ఇక్కడే నాకు, ఈ మధ్య ఆయన్ని ఎలాగైనా కిందికి లాగాలని చూసేవాళ్ళకీ తేడా. ఆయన మార్పు నిజమనే నమ్ముతాను, ఎందుకంటే అది సినిమా మార్పు కాదు. మనకి నచ్చే కథలో యుద్ధభూమిలో ఒక సాయంత్రం, శవాల మధ్య, ఒక్క క్షణంలో మనిషి మారిపోతాడు. శాసనాలు అలా చెప్పవు. ఎర్రగుడిలో అదే గుట్ట మీద చిన్న శాసనం ఏమంటుంది? నేను బౌద్ధ ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్ళు దాటింది, కానీ ఒక ఏడాది పాటు గట్టిగా ప్రయత్నించలేదు, సంఘానికి దగ్గరయ్యాక ఏడాదికి పైగా గట్టిగా ప్రయత్నిస్తున్నాను అంటుంది. ఏ చక్రవర్తి అయినా ఇలా రాయిస్తాడా? జిమ్‌లో చేరి ఏడాది వెళ్ళలేదు అన్నట్టు లేదూ? అబద్ధం చెప్పేవాడు ఇంత మామూలుగా చెప్పడు.

వంటింటి సంగతి కూడా అంతే. మొదటి శాసనంలో చెబుతాడు: మునుపు నా వంటశాలలో కూరకి రోజూ వేలు లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు. మహారాజు, నెమలి మాంసం మానలేకపోతున్నానని దేశమంతా బండలకెక్కించాడు. మాంసం మానేసిన కొత్తలో మా పెదనాన్న కూడా ఎండుచేపలు మాత్రం చాన్నాళ్ళు వదల్లేదు. మారే మనిషి అలాగే మారతాడు, ముక్కలు ముక్కలుగా, కొన్ని దాచుకుని.

విచిత్రం ఏమిటంటే బౌద్ధుల కథల్లో కళింగే లేదు. సింహళంలో రాసిన మహావంశంలో తొంభై తొమ్మిది మంది అన్నదమ్ముల్ని చంపిన చండాశోకుణ్ణి నిగ్రోధుడనే ఏడేళ్ళ చిన్న భిక్షువు మారుస్తాడు. అశోకావదానంలో రాజు కట్టించిన నరకంలాంటి చెరసాలలో చావని భిక్షువుని చూసి మారతాడు. అందులోనే, మారాక కూడా, బుద్ధుణ్ణి కించపరిచే బొమ్మ గీశారని పుండ్రవర్ధనంలో 18,000 మంది ఆజీవికుల్ని (వేరే మతశాఖ సన్యాసులు) చంపించినట్టు కథ ఉంది. అసలు అశోకుడు బరాబర్ కొండల్లో ఆజీవికులకి గుహలు తొలిపించి ఇచ్చినవాడు, కాబట్టి ఆ కథ మీద నాకు నమ్మకం తక్కువ. నేననేది ఇంతే: కళింగ చూసి కరిగిపోయిన అశోకుడు రెండు వేల ఏళ్ళ పాటు ఎవరికీ తెలియదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి విప్పాక, పియదసి అంటే అశోకుడేనని తేలాక, పదమూడో శాసనం చదివాక పుట్టాడు ఆ అశోకుడు. అంటే మనల్ని కదిలించిన ఆ ఏడుపు, ఏడవాల్సిన చోట ఎప్పుడూ వినపడలేదు. కళింగవాళ్ళు అది లేకుండానే బతికారు.

ఎలా బతికారో కూడా రాసే ఉంది. ధౌలికి కొద్ది దూరంలో ఉదయగిరి, అక్కడ హాథీగుంఫా గుహ నెత్తిన ఖారవేలుడి శాసనం. అశోకుడి తర్వాత ఒకటి రెండు శతాబ్దాలకి వచ్చిన కళింగ రాజు. ఏ ఏడు ఎవరి మీదికి దండెత్తాడో ఏడాది వారీగా రాయించుకున్నాడు. మన శాతకర్ణిని లెక్క చేయకుండా పడమటికి సైన్యం పంపాడు. మగధ మీద పడి అక్కడి రాజుని కాళ్ళకి మొక్కించుకున్నాడు. ఎప్పుడో నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జినుడి విగ్రహం సంగతి గుర్తు చేస్తాడు. శాసనంలో ఎక్కడా అశోకుడి పేరు లేదు. అన్ని మతాలనూ పూజించేవాణ్ణి అని మాత్రం చెప్పుకున్నాడు, 'పాసండ' (మతశాఖ) అన్న అశోకుడి మాటతోనే. ఆ మాట ధౌలి బండ నుంచి నేర్చాడో, గాల్లోంచి నేర్చాడో. మంచి మాట అందుకుని మగధ మీదికి ఏనుగుల్ని తోలాడు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఎదురుగా వచ్చి చెప్పనివాడి పశ్చాత్తాపాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

మన జాతీయ చిహ్నంలో సింహాలు ఆయనవి, జెండాలో చక్రం ఆయనది. 1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. ఆ ఎంపికల మీద నాకు గౌరవమే. చరిత్రలో ఏ రాజునో ఒకణ్ణి నెత్తిన పెట్టుకోక తప్పకపోతే ఈయనే నయం. అయినా ప్రభుత్వాలు ఆయన దగ్గర నేర్చుకున్నది ధర్మచక్రం కంటే ఈ పద్ధతేనేమో అనిపిస్తుంది. నిర్వాసితుల గురించి ఢిల్లీలో సెమినార్ పెడతారు, నష్టపోయిన జాతుల గురించి విదేశీ వేదిక మీద విచారం వెలిబుచ్చుతారు, మునిగిన ఊరికి మాత్రం తాసీల్దారు వచ్చి శాంతంగా ఉండమని చెప్పి వెళ్తాడు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని జౌగడ తీసుకెళ్ళాను. బరంపురం మాకు పక్క ఊరి లెక్క, పెళ్ళి బట్టలకీ, పెద్దాసుపత్రికీ అక్కడికే పోతాం, అయినా జౌగడ నేనూ అప్పటిదాకా చూడలేదు. పేరుకి అర్థం లక్కకోట. పాండవుల లక్కయిల్లు ఇదేనని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు, అశోకుడి కన్నా వాళ్ళకి భీముడే దగ్గర. పాత మట్టికోట గోడలు దిబ్బల్లా ఉన్నాయి, వాటి మధ్య పొలాలు. బండ చుట్టూ ఇనుప కటకటాలు. పైన కప్పు.

నాన్నకి ఎర్రగుడి సంగతి దారిలో చెప్పాను. పెదనాన్న ఊసు ఎత్తలేదు, ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. నాన్న ఆ రెండేళ్ళ కిందట పాడె మోశాడు, ఇంటికొచ్చి తలస్నానం చేసి ఏమీ మాట్లాడలేదు.

"ఆ పదమూడోది ఏ కాడ ఉండాల?" అన్నాడు.

ఫోన్లో ఫొటో చూసుకుంటూ, పదోది అయిపోయేది ఇక్కడ, వెంటనే పద్నాలుగోది మొదలు, ఈ రెంటి మధ్య ఉండాలి అని కటకటాల్లోంచి వేలు పెట్టి చూపించాను. పెచ్చులు లేచిన బండ, గీతలు గీతలుగా అక్షరాలు. నాన్న కళ్ళజోడు తీసి, తుండుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇనుప చువ్వకి నుదురు ఆనించి చాలాసేపు చూశాడు.

"నువ్వు సెప్పకపోతే, ఇక్కడొకటి తక్కువైందని నాకు తెల్దురా."

తర్వాత బరంపురానికి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాడు.